డెబ్భై రూపాయల సైకిల్

మొన్న మా మనవరాలు నన్ను జూబ్లీహిల్స్‌లో ఒక సైకిళ్ళ దుకాణానికి తీసుకెళ్ళింది. దుకాణం అనకూడదట, షోరూం అనాలట. లోపల ఏసీ, మూలన కాఫీ యంత్రం, సైకిళ్ళేమో గోడలకు వేలాడుతున్నాయి. ఒకదానికి కట్టిన చీటీ చూసి, నా కళ్ళజోడుదే తప్పేమోనని తుడుచుకుని మళ్ళీ చూశాను. సున్నాలన్నీ నిజమే. "అమ్మమ్మా, రోజూ ఆఫీసుకి తొక్కడానికి ఎంతలో కొనుక్కోమంటావు?" అని అడిగింది పిల్ల. ఏదో మాటవరసకి అడిగింది పాపం. కానీ ఆ ప్రశ్న మా ఇంట్లో ఒకప్పుడు నెల రోజులు నలిగింది. దాన్ని తేల్చింది నేనే. పదకొండేళ్ళ పిల్లని, ఒక అబద్ధం చెప్పి తేల్చాను.

అప్పట్లో రహమత్ నగర్‌లో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. నాన్నది కృష్ణా తీరం. సినిమా పని కోసం మద్రాసు వెళ్ళి, అక్కణ్ణుంచి ఒక కంపెనీ వెంట ఇక్కడికి వచ్చి పడ్డాడు. స్టూడియోలో ప్రాపర్టీ గది తాళంచెవి ఆయన దగ్గర ఉండేది. ప్రాపర్టీ అంటే తెర మీద కనపడే సామాను. హుక్కాలు, అట్ట కత్తులు, టెలిఫోన్లు, దేవుడి పటాలు, జమీందారు కుర్చీలు. నాన్న చొక్కా దగ్గర ఎప్పుడూ వార్నిషు, కర్పూరం, పాత తోలు కలిసిన వాసన వచ్చేది. ఆ వాసన ఇంట్లోకి వస్తే గాని అమ్మ పొయ్యి మీద అన్నం పెట్టేది కాదు.

ఇల్లు దాటి కాస్త పైకెక్కితే చాలు, అన్నీ రాళ్ళే. ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. ఇంతింత బండలు ఒకదాని మీద ఒకటి, ఎవరో ఆడుకుని వదిలేసి పోయినట్టు ఉండేవి. మధ్యలో సీతాఫలం చెట్లు, ముళ్ళ కంపలు, నెమళ్ళ అరుపులు. మధ్యాహ్నం పూట వేడెక్కిన రాయికి ఒక వాసన ఉంటుంది, కాలిన పెనం మీద నీళ్ళు చల్లితే వచ్చేలాంటిది. ఆ రాళ్ళ నడుమ బాట పట్టి, ఇప్పుడు ఫిలింనగర్ అంటున్న వైపు, నాన్న రోజూ గంటన్నర నడిచేవాడు. పొద్దున్న ఆరింటికల్లా గది తెరవాలి. రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి అయితే తాళంచెవి ఇంకొకరి చేతికి పోతుందని మేనేజరు చెప్పేశాడు. ఆ ఉద్యోగం పోతే మాకు ఈ ఊళ్ళో ఇంకేం లేదు, మూటా ముల్లే సర్దుకుని తిరిగి వెళ్ళిపోవడమే.

అందుకని సైకిల్ కొనాలని తేలింది. ఎంతలో అన్నదే తేలలేదు.

కొత్తది కోఠీలో మూడొందల అరవై. అమ్మ డబ్బాలో ఉన్నది రెండొందల పది. అప్పు అన్న మాట అమ్మ ముందు ఎత్తకూడదు. యూసుఫ్‌గూడలో సైకిళ్ళు అద్దెకిచ్చే షాపువాడు ఒక పాతది నూట ఎనభైకి ఇస్తానన్నాడు. "ఊరంతా తొక్కి తొక్కి వదిలిన దానికి నూట ఎనభయ్యా?" అంది అమ్మ. ఇలా రోజూ రాత్రి భోజనాల దగ్గర ఇదే పంచాయితీ. గోంగూర పచ్చడి కలుపుకుంటూ నాన్న కొత్తది అనేవాడు, మజ్జిగ పోసుకునేసరికి పాతది అనేవాడు. చెయ్యి కడుక్కుని, "చూద్దాంలే" అనేవాడు.

అప్పుడు ఆ మూడో సైకిల్ వచ్చింది. ప్రాపర్టీ గదిలోదే, ఆకుపచ్చ రంగుది. మంచి గంట, వెనక గట్టి క్యారియరు, చక్రానికి రాసుకుని వెలిగే డైనమో లైటు. డెబ్భైకి పట్టుకుపొమ్మన్నాడు మేనేజరు. డెబ్భై అనేసరికి అమ్మ మొహం వెలిగిపోయింది. మిగిలిన డబ్బులో నీకు క్రిస్మస్‌కి వెండి పట్టీలు అంది నాతో. నేనింక నేల మీద లేను.

నాన్న ఒక్కడే, "అది వద్దు" అన్నాడు.

"ఎందుకండీ వద్దు? చక్రాలు సరిగ్గా లేవా?"

"చక్రాలు బాగానే ఉన్నాయి."

"మరి?"

నాన్న కారణం చెప్పలేదు. ఎలా చెబుతాడు? మేం చర్చికి వెళ్ళే కుటుంబం. దిష్టి, శకునం లాంటి మాటలు ఇంట్లో వినపడితే అమ్మ బైబిలు తీసుకుని ఎదురుగా కూర్చునేది. అమ్మకు తెలియని ఆ కారణం నాకు తెలుసు.

సినిమావాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఎవరైనా చచ్చిపోయినట్టు నటించాక, ఆ షాట్ అవగానే మనిషిని లేపి కూర్చోబెట్టి, కెమెరాలోకి చూసి నవ్వమంటారు. ఆ నవ్వు కూడా తీస్తారు. సినిమాలో అది ఎక్కడా ఉండదు, కత్తిరించి పారేస్తారు. అయినా తీసి తీరాలి. చావు మీద కెమెరా ఆపకూడదని వాళ్ళ లెక్క. ఎంత పెద్ద హీరో అయినా, ఎంత తొందరలో ఉన్నా నవ్వాల్సిందే.

దసరా సెలవుల్లో నాన్న నన్ను ఒకరోజు షూటింగుకి తీసుకెళ్ళాడు. నిజం చెప్పాలంటే ప్రొడక్షన్ వాళ్ళ ఉప్మా కోసం వెళ్ళాను. జీడిపప్పు వేసేవాళ్ళు మరి. రాళ్ళ మధ్య నాన్న రోజూ నడిచే వాలు బాట మీదే తీస్తున్నారు. పోస్ట్‌మాన్ ఆకుపచ్చ సైకిల్ మీద దిగి వస్తుంటాడు, విలన్ జీపు గుద్దేస్తుంది. పోస్ట్‌మాన్‌గా వేసినాయన ముసలాయన. ఆ సినిమాలో ఆయనకు చావడం తప్ప వేరే పని లేదు. పొద్దున్నుంచీ ఒక బండ పక్కన కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు. ఉప్మా పెడితే వద్దన్నాడు.

మధ్యాహ్నం దాటాక ఆయన్ని బాట మీద పడుకోబెట్టి, సైకిల్ గుండెల మీద పెట్టారు. చెంపకీ నుదుటికీ బెల్లం పాకంలో ఎర్రరంగు కలిపి పూశారు. పక్కన ఉత్తరాలు చల్లారు. కెమెరాకు కనపడకుండా నాన్న నేల మీద బోర్లా పడుకుని, చేత్తో చక్రం తిప్పి వదిలాడు. చక్రం తిరుగుతోంది. ఎవరూ కదల్లేదు. పాకం వాసనకి చీమలు వచ్చి ఆయన చెంప మీద ఎక్కడం మొదలుపెట్టాయి, కంటి దాకా పోయాయి. ఆయన రెప్ప కూడా ఆడించలేదు.

సరిగ్గా డైరెక్టరు కట్ అన్నప్పుడే గాలి లేచింది. ఆ వెంటనే వాన. ఉత్తరాలన్నీ ఎగిరిపోయాయి. ఒక్క కాగితం పోయినా జవాబు చెప్పుకోవాల్సింది నాన్నే కదా, వాటి వెంట వాలులోకి పరిగెత్తాడు. కెమెరా మీద గొడుగులు పట్టారు, ఎత్తి వ్యానులో పెట్టేశారు. అందరూ తలో దిక్కున పరుగు. నేనొక బండ కింద నక్కాను.

ముసలాయనకి లెమ్మని ఎవరూ చెప్పలేదు. ఆయన లేవలేదు. వానకి ఎర్రరంగు కరిగి బాట మీద కారుతోంది, ఆయన అలాగే ఉన్నాడు. ఎంతసేపో నాకు తెలీదు. తర్వాత సైకిల్ మెల్లగా పక్కకి తోసి లేచి కూర్చున్నాడు. చుట్టూ చూశాడు. నన్ను చూశాడు.

"కెమెరా ఏదమ్మా?" అన్నాడు.

"వ్యానులో పెట్టేశారు తాతగారూ."

"నవ్వు తీయలేదే" అన్నాడు, నన్ను కాదు, ఊరికే. లేచి నిలబడ్డాడు. వ్యాను ఇటుంటే ఆయన అటు, రెండు పెద్ద బండల నడుమ సందులోకి నడిచి వెళ్ళిపోయాడు. ఆ రోజు కూలి తీసుకోవడానికి కూడా వెనక్కి రాలేదని తర్వాత విన్నాను.

అప్పటినుంచి ఆ సైకిల్‌ని స్టూడియోలో ఎవరూ ముట్టుకోలేదు. డెబ్భై రూపాయల రహస్యం ఇదీ.

ఒక సాయంత్రం అమ్మ చర్చిలో స్త్రీల కూడికకి వెళ్ళింది. నాన్న నాకు సీతాఫలం ఒలిచి గింజలు తీసి పెడుతున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆ రోజు నేను కాగితాల వెంట పోయాను కదా. నువ్వక్కడే ఉన్నావుగా. ఆ పెద్దాయన్ని నవ్వించి తీశారా?"

నా కాళ్ళకి పట్టీలు అప్పటికే ఘల్లుమంటున్నాయి. సినిమాలో తిరిగిన సైకిల్ మా ఇంటి ముందు నిలబడితే వీధి పిల్లలంతా నా చుట్టూ మూగడం కళ్ళకు కనపడుతోంది.

"తీశారు నాన్నా" అన్నాను. అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? "మొదటిసారి సరిగ్గా నవ్వలేదని రెండోసారి కూడా తీశారు."

నాన్న నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "సరే అయితే" అని ఇంకో పండు ఒలిచాడు.

మర్నాడు సైకిల్ ఇంటికి వచ్చింది. అమ్మ దాని ముందు నిలబడి ప్రార్థన చేసింది. పొద్దున్నే నాన్న ఎక్కి వెళుతుంటే గుమ్మంలో నిలబడ్డాను. వీధి మలుపు దగ్గర ఆయన వీపు కనపడకుండా పోయింది. అప్పుడు తెలిసింది నాకు నేనేం చేశానో. నాన్నని ఎక్కించి పంపించేశాను.

ఆ రోజు మొదలు సాయంత్రం అయ్యేసరికి నేను గుమ్మంలో ఉండేదాన్ని. గంట వినపడితే ప్రాణం లేచి వచ్చేది. మళ్ళీ తెల్లారితే మొదటికే. క్రిస్మస్‌కి పట్టీలు వచ్చాయి. వేసుకుంటే ప్రతి అడుగుకీ గుండె జల్లుమనేది. తీసి బియ్యం డబ్బాలో అడుగున దాచాను. అవి అమ్మకి దొరికాయి, చీవాట్లు పెట్టింది. "వెండి వస్తువు, కొని పెడితే ఇంత అలుసా?" అంది.

ఇల్లుగలావిడని మేం అవ్వ అనేవాళ్ళం. ఒంటరి మనిషి, రెండు గేదెలు. సాయంత్రాలు గడ్డి కోసుకుని బాట వైపు నుంచే వచ్చేది. ఒకరోజు పాలు పోస్తూ అమ్మతో అంది.

"బిడ్డా, నీ పెనిమిటి దినాము ఎవల్నో ఎనక కూసోబెట్టుకొని వస్తున్నడు. గా ముసలాయన ఎవలు?"

"ఎవరూ లేరవ్వా. ఒక్కరే వస్తారు."

"నా కండ్లు ఏమన్న పోయినయా? తెల్లంగి ఏసుకున్నడు. కాళ్ళు గిట్ల ఏలాడేసుకొని కూసుంటడు. ఇల్లు దగ్గరికొచ్చినంక ఉండడు. జర అడుగు."

అమ్మ నవ్వేసింది. సామాను మూటేదో కట్టుకుని ఉంటారులే అంది. పాలగిన్నె పట్టుకుని నేను అన్నీ విన్నాను. పోస్ట్‌మాన్‌కి వేసింది ఖాకీ బట్టలు. ఆ పొద్దున బండ పక్కన కూర్చున్నప్పుడు మాత్రం ఆయన ఒంటి మీద తెల్ల చొక్కా ఉంది. అవ్వ ఆ షూటింగు చూడలేదు.

మర్నాడు చీకటి పడకముందే పైకి వెళ్ళి ఒక బండ ఎక్కి కూర్చున్నాను. దూరంగా నాన్న వస్తున్నాడు. బాట వాలు దిగుతోంది. అక్కడ సైకిల్ దానంతటదే జారాలి. నాన్న మాత్రం సీటు మీంచి లేచి నిలబడి, ఒళ్ళంతా వేసి తొక్కుతున్నాడు, బియ్యం బస్తా మోసేవాడిలా. తల కొంచెం వెనక్కి తిప్పి ఏదో మాట్లాడుతున్నాడు. హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీసి తిప్పుతున్నాడు. క్యారియరు మీద నాకెవరూ కనపడలేదు. ఆ రెండు పెద్ద బండల దగ్గరికి వచ్చి ఆగాడు. ఒక కాలు నేల మీద ఆనించి కాసేపు ఉన్నాడు. మళ్ళీ కదిలినప్పుడు సైకిల్ తేలిగ్గా జారుకుంటూ వచ్చేసింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు నాన్నా?" అని అడిగాను.

"ఎవరితోనూ లేదే. పాట పాడుకుంటున్నా" అన్నాడు. నాన్న పాడగా నేనెప్పుడూ వినలేదు.

ఇంకో మార్పు కూడా వచ్చింది ఆయనలో. మా నాన్న హాస్యాలాడే మనిషి కాదు. అలాంటివాడు రోజూ అన్నం దగ్గర, "ఏదైనా నవ్వొచ్చే సంగతి చెప్పవే" అని అడగడం మొదలుపెట్టాడు. బళ్ళో సంగతులు చెప్పేదాన్ని. లెక్కల మాస్టారు కుర్చీ విరిగి పడటం, పాస్టరుగారి కళ్ళజోడు మేక నమలడం. శ్రద్ధగా వినేవాడు, తను నవ్వేవాడు కాదు. మర్నాడు, "అది పనికిరాలేదు, ఇంకోటి చెప్పు" అనేవాడు.

"ఎవరికి పనికిరాలేదు?"

"నాకే" అనేవాడు, కంచంలోకి చూస్తూ.

చలికాలమంతా ఇలాగే గడిచింది. నేను చిక్కిపోయాను. ప్రతి రాత్రీ నిజం చెప్పేద్దామనుకునేదాన్ని. చెబితే సైకిల్ మానేస్తాడు, ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే నాన్నే పోతాడు. పదకొండేళ్ళ పిల్లకి ఇదెంత బరువో మీరే చెప్పండి. చెప్పలేకపోయాను. పిరికిదాన్ని, అంతే.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం పెద్ద చప్పుడైంది. గూట్లో గిన్నెలు కింద పడ్డాయి. ఎవరో పెద్దమనిషి బంగళా కట్టుకుంటాడని ఆ రెండు బండలకు మందు పెట్టి పేల్చారు. దుమ్ము మా వీధి దాకా వచ్చింది. నాన్నకేమైందోనని నేను ఏడుపు మొదలుపెట్టాను. సాయంత్రం ఎప్పటికంటే ముందే వచ్చాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. సైకిల్ గోడకి ఆనించి, దాని పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. అన్నం తినలేదు. నవ్వొచ్చే సంగతి చెప్పమని ఆ రోజు అడగలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

ఆ సైకిల్‌నే ఇంకో ఆరేళ్ళు తొక్కాడు. ఒక్కసారి కూడా పడలేదు. ఆఖరికి అది తుప్పు పట్టి పాత సామాన్లవాడికి పోయింది. ఈలోగా రాళ్ళూ పోయాయి. ఒక్కో ఏడు ఒక్కో గుట్ట. నెమళ్ళు ఎటు పోయాయో తెలీదు.

నా పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, వాళ్ళకీ పెళ్ళిళ్ళయ్యాయి. అమ్మ పోయాక నాన్న మోతీనగర్‌లో మా ఇంట్లోనే ఉన్నాడు. ఒక ఆదివారం టీవీలో ఆ పాత సినిమా వచ్చింది. ఆకుపచ్చ సైకిల్ వాలు దిగుతుండగా నాన్న రిమోట్ తీసుకుని ఆపేశాడు. ఇద్దరం నల్లటి తెర చూస్తూ కూర్చున్నాం.

"కొన్న నాలుగో రోజు ఆయన స్టూడియో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు" అన్నాడు నాన్న ఉన్నట్టుండి. ఎవరని నేను అడగలేదు. "దింపుతావా అన్నాడు. ఎక్కమన్నాను. రోజూ ఉండేవాడు. ఆ బండల దగ్గర దిగేవాడు. అక్కడ ఇళ్ళేం లేవని నీకూ తెలుసుగా. ఎక్కడికి వెళతారని నేను అడగలేదు. ఎలాగైనా ఒక్కసారి ఆ సైకిల్ మీద ఆయన్ని నవ్వించాలని చూశాను. మనిషి నవ్వలేదు. బండలు పేల్చిన రోజు గేటు దగ్గర లేడు. మళ్ళీ రాలేదు."

"బతికి ఉన్నాడా నాన్నా ఆయన?"

"బరువైతే ఉండేది" అన్నాడు నాన్న.

అరవై దాటినదాన్ని, చిన్నపిల్లలా ఏడ్చేశాను. "నేను అబద్ధం చెప్పాను నాన్నా. నవ్వు తీయలేదు. పట్టీల కోసం చెప్పాను. నిన్ను చంపేశాననుకుని రోజూ చచ్చాను."

"నాకు తెలుసు" అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్ను అడగకముందే తెలుసు. కెమెరా అసిస్టెంటుని అడిగాను, లేదన్నాడు. మేకప్ అతన్ని అడిగాను, లైట్లవాళ్ళని అడిగాను, వ్యాను డ్రైవరుని కూడా అడిగాను. అందరూ లేదనే అన్నారు. నువ్వే ఆఖరు. కొత్తది కొనే తాహతు లేదు, నడిస్తే ఉద్యోగం ఉండదు. ఎవరో ఒకరు తీశారని అంటారేమోనని అడుగుతూ పోయాను."

"మరి తెలిసీ ఆరేళ్ళు ఎలా తొక్కావు నాన్నా?"

నాన్న నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"భయంగానే ఉండేది. పొద్దున్నే పెడల్ మీద కాలు పెట్టేటప్పుడు అనుకునేవాణ్ణి. తీశారు, మా అమ్మాయి చూసింది, రెండుసార్లు తీశారట, అని. అది అనుకుని ఎక్కేవాణ్ణి."